పాత జీపును ఇంటియొద్ద బాగుచేసికొను విధానము

మన పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో పది గ్రామములు తిరిగినచో, ఏదోయొక పెరటిలో, చింతచెట్టు క్రిందనో పాత కొట్టములోనో, కదలక పడియున్న జీపు ఒకటి కనబడక మానదు. దాని చక్రములు నేలలో సగము దిగియుండును. బానెట్టు క్రింద ఎలుకలు కాపురముండును. వెనుక తొట్టెలో కోళ్లు గ్రుడ్లు పెట్టును. యజమాని దానిని పాత ఇనుము బేరగానికి అమ్ముటకు మనసొప్పక, బాగుచేయుటకు ధైర్యము చాలక, ఏండ్ల తరబడి అట్లే యుంచును. ఇట్టి బండిని మరల నడపవచ్చునా, ఎచ్చట మొదలుపెట్టవలెను, ఎంత వ్యయమగును అని సభ్యులు పలువురు అడుగుచున్నారు.

బాగుచేసికొనవచ్చును, కాని ప్రతి బండియు బాగుచేయదగినది కాదు. బాగుచేయదగిన బండికిని పనిలో ఒక వరుస కలదు. మొదట కాగితములు, తరువాత చాసీ, ఆ తరువాత బ్రేకులు, ఆపైన ఇంజను, అన్నిటికిని చివర రంగు. లోకములో పెక్కురు దీనిని తలక్రిందుగ చేయుదురు. ఈ వ్యాసకర్తయు ఒకప్పుడు ఆ తప్పు చేసినవాడే. తొట్టెకు క్రొత్త రేకు వేయించి, ముచ్చటగ రంగు పూయించి, ఎరువు బస్తాలు ఎక్కించిన మొదటి నాడే, వెనుక కమాను కట్ట యొద్ద చాసీ విరిగెను. పగులు పాతదే, దానిపై పుట్టీ, రంగు క్రొత్తవి. నాడు బండి చేనిగట్టున నిలిచిపోయెను గనుక ధనము మాత్రమే పోయెను. ఘాటులో నయినచో ప్రాణములే పోయెడివి.

ఈ బండి పుట్టుక

జీపు మొదట సైన్యమునకై పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా దేశములోని టొలిడో నగరమునందు విల్లీసు కంపెనీ దీనిని వేలకొలదిగ తయారుచేసెను. 1945లో యుద్ధము ముగియగనే ఆ కంపెనీవారు ఇదే బండిని రైతులకు అమ్మదలచి, నాగలి లాగుటకును, బెల్టు వేసి యంత్రములను త్రిప్పుటకును అనువైన అమరికలు చేర్చిరి. అనగా జీపు యుద్ధభూమినుండి నేరుగ పొలమునకు వచ్చిన బండి.

మన దేశమున 1945లో స్థాపింపబడిన మహీంద్రా కంపెనీ 1947లో విల్లీసు జీపుల విడిభాగములను తెప్పించి బొంబాయిలో కూర్చుట కారంభించి, క్రమముగ స్వయముగనే తయారుచేయసాగెను. తొలి బండ్లు పెట్రోలువి. 1979లో ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీనుండి డీసెలు ఇంజను తయారుచేయుటకు అనుమతి పొందిరి. కొన్ని జీపులలో మన రైతులెరిగిన బి-275 ట్రాక్టరు ఇంజనునకు దాయాదియైన డీసెలు ఇంజను కలదు. అట్టి బండి గలవారు, ట్రాక్టరు ఇంజను పని తెలిసిన మేస్త్రి మండల కేంద్రములో నున్నచో, దూరము పోనక్కరలేదు.

ఈ బండ్లలో పొట్టి చాసీవి, పొడుగు చాసీవి, వెనుక తెరపితొట్టె గల పికప్పులు అని భేదములున్నను నిర్మాణము ఇంచుమించు ఒక్కటే. రెండు ఉక్కు దూలముల చాసీ, నాలుగు కమాను కట్టలు, ముందువెనుకల గట్టి ఇరుసులు, నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులు. ఇందు కంప్యూటరు లేదు. విప్పిన ప్రతి భాగమును కంటితో చూచి, చేతితో తాకి, లోపము తెలిసికొనవచ్చును. ఇంటియొద్ద బాగుచేయుటకు ఈ బండి యోగ్యమగుటకు ఇదియే కారణము.

మొదటి మెట్టు: కాగితములు

ఒక్క బోల్టయినను విప్పుటకు ముందు రిజిస్ట్రేషను పత్రమును వెదకి తీయవలెను. స్వంత వాడుక బండికి రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. పిదప తనిఖీ చేయించి ఐదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను. హరిత పన్నును చెల్లింపవలెను. సరకు బండిగ నమోదైనదానికి ఫిట్‌నెసు పత్రము వేరుగ కావలెను. ఏ.పీ. 01 అని ఆదిలాబాదున, ఏ.పీ. 15 అని కరీంనగరున నమోదైన బండ్లవారు, 2016లో జిల్లాలు విభజింపబడినందున, ఇప్పుడు తమ గ్రామము ఏ రవాణా కార్యాలయము పరిధిలో నున్నదో ముందుగ విచారింపవలెను. బాకీపన్నులు, నేటి రుసుములు అచ్చటనే అడిగి వ్రాసికొనవలెను. కొన్ని బండ్లకు ఈ మొత్తమే బండి వెలను మించును.

పత్రములోని చాసీ నంబరు, ఇంజను నంబరు బండిపై నున్నవానితో సరిపోవలెను. చాసీపై నంబరు పొడిచిన చోట గ్రైండరు పెట్టరాదు. అచ్చటి తుప్పును మెత్తని బ్రష్షుతో, కిరసనాయిలు గుడ్డతో మాత్రమే తుడువవలెను. నంబరు చెరిగినచో బండి పరుల సొత్తని అనుమానము కలుగును.

బండి స్వరూపము మార్చవలెనను కోరిక పలువురకు కలుగును. పెట్రోలు జీపునకు డీసెలు ఇంజను పెట్టుట, చాసీని పొడిగించుట మున్నగునవి. మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను ప్రకారము పత్రములోని వివరములకును తయారీదారుని నిర్దేశమునకును విరుద్ధముగ బండిని మార్చరాదు. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఈ నియమమునే దృఢపరచినది. కావున ఇంజను మార్పు తప్పనిసరియైనచో ముందు అనుమతి, పిదప పని.

మరియొక హెచ్చరిక. ప్రభుత్వశాఖలు వాడి విడిచిన జీపు చౌకగ దొరకుచున్నదని ఎవరైన చెప్పినచో తొందరపడరాదు. 15 సంవత్సరములు దాటిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుండి పొడిగింపబడుట లేదు. వానిని తుక్కు చేయవలెనని నియమము. పూర్వమే వ్యక్తి పేరిట మారి, నేటికిని పత్రము చెల్లుచున్న బండి వేరు. పేరు మారని బండి వేరు. రెండవదానిపై పెట్టిన ధనము నీటిపాలే.

రెండవ మెట్టు: చాసీ

చాసీ బండికి వెన్నెముక. ఇంజను మార్చవచ్చును, తొట్టె మార్చవచ్చును. చాసీ చెడినచో బండి లేదు. మన ప్రాంతమున దీనికి శత్రువులు రెండు. ఒకటి నల్లరేగడి బురద. అది చాసీ సందులలో కూరుకొని వాన వెలిసిన చాల దినములవరకు తడి నిలిపియుంచును. రెండవది ఎరువు. పొటాషు, అమ్మోనియా ఎరువులు ఉప్పు జాతివి. చినిగిన బస్తానుండి రాలిన గుండ తేమను పీల్చి ఇనుమును తినివేయును. పైనుండి చూచినచో తొట్టె బాగుగనే కనబడును. అడుగున జల్లెడయై యుండును.

పరీక్షకు ముందు చాసీని నీటితో కడిగి, ఇనుప బ్రష్షుతో గీకి, ఆరనీయవలెను. పిదప చిన్న సుత్తితో జానెడు జానెడునకు తట్టుచు పోవలెను. గట్టి ఇనుము ఖణిల్లున మ్రోగును. తిన్న ఇనుము మొద్దుగ పలుకును. కమాను కట్టల కొక్కెముల చుట్టును, స్టీరింగు పెట్టె బిగించిన చోటను, అడ్డపట్టీలు కలియు మూలలయందును దీపము పెట్టి పగుళ్లు వెదకవలెను. చాసీ వంగినదో లేదో తెలిసికొనుటకు బండిని చదునైన నేలపై నిలిపి, ముందు రెండు, వెనుక రెండు సమానమైన చోట్లనుండి తూకపు దారము వ్రేలాడదీసి నేలపై గుర్తులు పెట్టవలెను. మూలనుండి మూలకు దారముతో కొలువగా రెండు కొలతలును సమానమైనచో చాసీ తిన్నగ నున్నట్లు. వ్యత్యాసము స్పష్టముగ కనబడినచో బండి ఎన్నడో దెబ్బతిన్నదని గ్రహింపవలెను.

చిన్న పగులును అతుకవచ్చును. పగులు చివర సన్నని రంధ్రము తొలిచినచో అది ముందునకు ప్రాకదు. పిదప లోతుగ వెల్డింగు చేసి, పైని పలక వేయవలెను. ఆ పలక చివరలను నిలువుగ గాక ఏటవాలుగ కోయవలెను. నిలువుగ కోసినచో బలమంతయు ఒక్క గీతపై పడి అచ్చటనే మరల విరుగును. ఇది నేర్పరియైన వెల్డరు చేయవలసిన పనియే గాని నేర్చుకొనువాని పని గాదు. దూలమే పొరలుగ ఊడుచున్నచో ఆశ విడిచి, బండిని విడిభాగములకు అమ్ముట మేలు.

లెక్క

కాగితములు, చాసీ బాగున్నవని తేలిన పిదపనే లెక్క వేయవలెను. ఒక పుస్తకమున విడిభాగములు, లేతు పని, వెల్డింగు, టైర్లు, బ్యాటరీ, రవాణా కార్యాలయపు రుసుములు, భీమా అని వేరువేరుగ వ్రాసి, మొత్తమునకు నాలుగవవంతు అదనముగ చేర్చవలెను. విప్పిన పిదప కనబడు లోపములు తప్పక యుండును. అట్టి బండియే నడుచు స్థితిలో మన ప్రాంతమున ఎంతకు దొరకుచున్నదో విచారించి, రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఏడాదిలో ఎన్ని దినములు ఈ బండి పనికివచ్చునో కూడ లెక్కింపవలెను. సంవత్సరమునకు పదిదినముల పనికై యైనచో కిరాయి బండియే చౌక.

పంట ఋణమును దీనిపై వెచ్చింపరాదు. అది విత్తనమునకు, ఎరువునకు ఇచ్చిన ధనము. జీపు విప్పి సగములో నిలిచి, గడువు దాటినచో, సకాలమున చెల్లించువారికి వచ్చు వడ్డీ రాయితీయు పోవును. ఇటు పంట, అటు బండి రెండును చెడును.

పనిచోటు, జాగ్రత్తలు

గట్టి చదునైన నేల, పైన నీడ, తాళము గల పెట్టె కావలెను. విప్పుటకు ముందు ప్రతి భాగమునకు చేతిఫోనుతో నాలుగు దిక్కుల ఛాయాచిత్రములు తీయవలెను. ఒక్కొక్క భాగపు బోల్టులను ఒక్కొక్క డబ్బాలో వేసి, పేరు వ్రాసిన చీటీ అంటింపవలెను. ఆరు మాసముల తరువాత ఏ బోల్టు ఎచ్చటిదో జ్ఞాపకముండదు.

జాకీ బండిని లేపుటకే గాని మోయుటకు గాదు. లేపిన వెంటనే చాసీ క్రింద ఇనుప స్టాండ్లనో గట్టి కర్రదిమ్మెలనో పెట్టవలెను. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టరాదు. అవి ముందుగ తెలుపక పగులును. ఈ జాగ్రత్త లేక బండి క్రింద దూరినవాడు మరల లేవడు. చాల పాత జీపులలో చేతిబ్రేకు చక్రములపై గాక వెనుకకు పోవు ప్రొపెల్లరు షాఫ్టుపై పనిచేయును. ఆ షాఫ్టును విప్పినను, వెనుక చక్రమొకటి నేలవిడిచి లేచినను చేతిబ్రేకు లేనట్లే. కావున నేలనున్న చక్రములకు రెండువైపుల దిమ్మెలు పెట్టక పని మొదలిడరాదు.

వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పి, ఇంధనపు ట్యాంకును దూరముగ తీసి పెట్టవలెను. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె ప్రమాదకరము. లోపలి ఆవిరి నిప్పురవ్వకే పేలును. ట్యాంకును ఇంటియొద్ద అతుకనే కూడదు. పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరము. గాలిపంపుతో ఊదక, నీటితో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయవలెను.

మూడవ మెట్టు: ఆగుట, మరలుట

నడువని బండి ఎవరిని చంపదు. ఆగని బండి చంపును. అందుచే ఇంజనుకంటె ముందు బ్రేకులు. పాత జీపులలో మాస్టరు సిలిండరునుండి నాలుగు చక్రములకును ఒకే నూనె మార్గముండును. ఎచ్చట ఒక గొట్టము పగిలినను నాలుగు బ్రేకులును ఒకేసారి పోవును. కావున రబ్బరు గొట్టములు, కప్పులు చూచుటకు బాగున్నను అన్నిటిని మార్చవలెను. తుప్పుపట్టిన ఇనుప గొట్టములను, గుంటలుపడిన వీలు సిలిండర్లను మార్చవలెను. డ్రమ్ములను లేతుపై సరిచేయింపవచ్చును, పలుచనైనవానిని విడువవలెను.

బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చును. కెరమెరి ఘాటు వంటి దిగుడులో బ్రేకు మాటిమాటికి తొక్కగా డ్రమ్ములు కాగి, నూనెలోని నీరు ఆవిరియగును. ఆవిరి నొక్కుడుపడును గాని బలమును చక్రమునకు అందింపదు. పెడలు నేలకు దిగిపోవును. ఎన్నో ఏండ్లు నిలిచిన బండిలోని పాత నూనెను పూర్తిగ తీసివేసి, మూత తెరువని క్రొత్త డబ్బానుండి పోయవలెను. ఇంజను ఆయిలుగాని డీసెలుగాని ఒక చుక్కయు అందు కలియరాదు. రబ్బరు ఉబ్బి చెడును. మాస్టరు సిలిండరునకు అన్నిటికంటె దూరపు చక్రమునుండి మొదలుపెట్టి గాలి తీయవలెను. ఇందుకు ఇద్దరు మనుష్యులు కావలెను.

స్టీరింగు చక్రమును కొద్దిగ అటునిటు కదలించి, చక్రములు వెంటనే కదలుచున్నవో లేదో ఇంకొకరిచే చూపింపవలెను. టై రాడ్డు ఎండ్లు, కింగు పిన్నులు, చక్రపు బేరింగులు వదులైనచో మార్చవలెను. విరిగిన కమాను పట్టీని ఒక్కదానినే మార్చుట కంటె రెండు ప్రక్కల కట్టలను సరిచూచి సమానముగ చేయుట మంచిది. టైర్లకు అచ్చు మిగిలియున్నను, ప్రక్కలు ఎండి పగిలినచో వాడరాదు.

నాలుగవ మెట్టు: ఇంజను, గేర్లు

నిలిచిపోయిన ఇంజనును బ్యాటరీ పెట్టి బలవంతముగ త్రిప్పరాదు. త్రాడు కట్టి ట్రాక్టరుతో లాగనే రాదు. డీసెలు ఇంజనునకు నాజిల్లు విప్పి, ఒక్కొక్క సిలిండరులో కొద్దిగ పలుచని నూనె పోసి రెండు దినములు ఊరనిచ్చి, చేతితో మెల్లగ త్రిప్పి చూడవలెను. తిరిగినచో పాత ఇంజను ఆయిలు దింపి పరీక్షింపవలెను. అది మజ్జిగ వలె తెల్లనైనచో నీరు కలిసినట్లు. హెడ్డు విప్పక తప్పదు. ట్యాంకులోని పాత డీసెలు పారబోసి, ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, గొట్టములలోని గాలి తీసి, అప్పుడు నడపవలెను.

పొగయే ఇంజను నాడి. వేడెక్కిన పిదపను నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు మండుచున్నది. రింగులో వాల్వుల గైడులో అరిగినవి. నల్లపొగ వచ్చినచో డీసెలు ఎక్కువ, లేక గాలి తక్కువ. మొదట ఎయిరు ఫిల్టరును చూడవలెను. తెల్లపొగ ఆగనిచో డీసెలు సరిగ మండుట లేదు, లేక నీరు చేరుచున్నది. నాజిల్లు, డీసెలు పంపు మాత్రము ఇంటియొద్ద విప్పదగినవి గావు. వానికి కొలత యంత్రము గల దుకాణమే శరణ్యము. రేడియేటరులో చెరువునీరు పోసినచో మట్టి పేరుకొనును. శుద్ధజలమును కూలంటుతో కలిపి పోయవలెను.

గేరుబాక్సు, ట్రాన్స్‌ఫరు కేసు, ముందువెనుకల హౌసింగులు, ఈ నాలుగింటిలో నూనె దింపి చూడవలెను. ఇనుప రజను స్వల్పముగ నుండుట సహజము. పళ్లముక్కలు వచ్చినచో విప్పవలెను. నాలుగు చక్రముల పట్టును గురించి ఒక మాట. దానిని వేసినప్పుడు ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఒకే వేగమున తిరుగును. మలుపులో ముందు చక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము పోవలసియుండును. బురదలో చక్రము కొంచెము జారి ఆ వ్యత్యాసమును తీర్చుకొనును. ఎండిన తారురోడ్డుపై జారజాలదు గనుక బలమంతయు గేర్లపై పడి అవి విరుగును. కావున ఆ పట్టు రేగడి బురదకు, వాగులోని ఇసుకకు మాత్రమే. నాలుగు టైర్లును ఒకే కొలతవై యుండవలెను.

మన పట్టణములలో దొరకని విడిభాగములకు సికింద్రాబాదులోని రాణీగంజు బజారునకు పోవలెను. పాత భాగమును వెంట తీసికొనిపోయి, సరిపోల్చి కొనవలెను. నోటిమాటతో తెచ్చినది తరచుగ తిరుగుటపా యగును.

ఐదవ మెట్టు: తీగలు, రేకు, రంగు

ఎలుకలు కొరికిన తీగలను ముక్కలుముక్కలుగ అతుకక, మొత్తము క్రొత్తవి వేయుటయే క్షేమము. ప్రతి మార్గమునకు ఫ్యూజు ఉండవలెను. తుప్పుపై పుట్టీ పెట్టుట పుండుపై పసుపు పూసి గుడ్డ చుట్టుట వంటిది. లోపల పెరుగుచునే యుండును. చెడిన రేకును కోసి క్రొత్తది అతికి, గీకి, రెడ్‌ఆక్సైడు పూసి, అది ఆరిన పిదపనే రంగు వేయవలెను. తొట్టె అడుగున నీరుపోవు రంధ్రములను మూయరాదు. ఎరువు మోసిన ప్రతిసారి తొట్టెను కడిగి ఆరబెట్టవలెను.

మొదటి నడక

బరువు లేక, చదునైన చేనిబాటలో, నడకవేగముతో మొదటి పరీక్ష చేయవలెను. పదిమారులు ఆపి చూచి, డ్రమ్ములను తాకి, ఒకటి మిక్కిలి కాగినచో సరిచేయవలెను. కొలదిదినములు తిరిగిన పిదప బోల్టులన్నిటిని మరల బిగింపవలెను. పొల్యూషను పత్రము, భీమా, రిజిస్ట్రేషను సిద్ధమగువరకు రోడ్డెక్కరాదు. పత్తి ఏరు కాలమున కూలీలను సరకు తొట్టెలో నింపి తీసికొనిపోవు అలవాటు మనలో నున్నది. ఇది చట్టవిరుద్ధము, ప్రమాదము జరిగినచో భీమా పరిహారమునకును చిక్కులు కలుగును. ఒకరి ఇంటి దీపము మన బ్రేకు పెడలు క్రింద నున్నదని మరువరాదు.

సంఘము చేయదగినది

చైను కప్పీ, నాలుగు ఇనుప స్టాండ్లు, బిగింపును కొలుచు పానా, బెంచి వైసు, గాలి కంప్రెసరు, ఇవి ఒక రైతు ఒక్క బండికై కొనుట దండుగ. సంఘము ఒక్కసారి కొని, చిట్టాలో వ్రాసి, స్వల్ప అద్దెపై సభ్యులకిచ్చినచో జీపులకే గాక ట్రాక్టర్లకు, మోటారు పంపులకు కూడ ఉపకరించును. చాసీ పరీక్షకు వచ్చు వెల్డరును నలుగురు సభ్యులు కలిసి ఒకే దినమున పిలిచినచో రాకపోకల వ్యయము నాలుగవవంతగును. సభ్యులు ఈ ప్రతిపాదనను రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చింతురుగాక.

చెట్టుక్రింది జీపుగల సభ్యుడు నేడే రంగుడబ్బా కొనక, ముందు పెట్టెలోని కాగితము తీసి, పిదప సుత్తి పట్టుకొని చాసీ తట్టి చూడవలెను. ఆ రెండింటికి రూపాయి వ్యయము లేదు. అవి చెప్పు సమాధానమును బట్టియే తక్కిన పనియంతయు.